వేలికి పలకని వీధి

ప్రియమైన సుద్దముక్కకు,

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు రాస్తున్నానా అని వింతపడకు. ఫోన్లో అయితే నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు మాటలు అడ్డం వేస్తావు. "అక్కా, ముందు నేను చెప్పేది విను" అంటావు. ఎన్నేళ్ళ నుంచో వింటూనే ఉన్నాను. ఈసారి నువ్వు వినాలి. కాగితానికి అడ్డం రాలేవు కదా, అందుకని ఇది.

మన దుకాణం గోడ మీద ఎర్ర గీత పడింది. గుమ్మం దగ్గర కాదు, లోపల, కత్తిరింపు బల్లకి అవతల. అంటే బల్ల, అమ్మ కుట్టుమిషను, కుట్టిన బట్టలు తగిలించే కడ్డీ అన్నీ రోడ్డులోకి పోతాయి. మిగిలేది నేను నిలబడేంత చోటు. రంగు డబ్బా పట్టుకుని వచ్చినవాడు "కాస్త జరగమ్మా" అని, గీసి, పక్క దుకాణంలోకి వెళ్ళిపోయాడు. రోజూ బట్ట మీద సుద్దగీత గీసేదాన్ని. గీత పడ్డాక ఏది పడుతుందో నాకు ఒకరు చెప్పాలా?

రోడ్డు వెడల్పు చేస్తారట. దానికోసం మన వీధిలో ఎడమ పక్క దుకాణాలన్నీ సగానికి కోస్తారట. కుడి పక్కన మూతపడిన గోడౌను అంత పొడుగున ఖాళీగా పడి ఉంది, రోడ్డు అటు జరపకూడదా అని మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి అడిగాను. "అభ్యంతరాలకి గడువు దాటిపోయిందమ్మా, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అన్నాడు గుమాస్తా. మాకెవరు చెప్పారయ్యా అంటే, "మ్యాపులో పెట్టాం. మ్యాపు చూసుకోమని మీ వీధి మొదట్లో బోర్డు కూడా పెట్టాం" అన్నాడు.

చూశాం. వీధి వీధంతా చూశాం. బోర్డు మీద రాసిన అడ్రసు ఉన్నది ఉన్నట్టు ఫోన్లో కొట్టి తెరిచాం. ఊరంతా రంగురంగులుగా వచ్చింది, వీధికో రంగు. అక్షరం ముక్క లేదు. మన వీధిని నొక్కాను. గట్టిగా నొక్కాను. గోటితో గీకాను. బొమ్మ అటూ ఇటూ జరిగింది తప్ప ఏమీ చెప్పలేదు. సెలూన్ అన్న తన ఫోన్ పాతదై అలా ఏడుస్తోందనుకుని అల్లుడి ఫోన్ అడిగి తెచ్చాడు. సైకిళ్ళు బాగుచేసే ఆయన చేతికి నూనె ఉందేమోనని సబ్బుతో కడుక్కుని వచ్చి మరీ నొక్కాడు. చివరికి మేమంతా ఏమనుకున్నామో తెలుసా? మన వీధికి ఏమీ లేదు కాబట్టే ఏమీ చూపించడం లేదనుకున్నాం. సంతోషించాం కూడా.

ఇక అసలు సంగతి. గుమాస్తా వెనక గోడకి ఆ మ్యాపే పెద్దది అతికించి ఉంది. కింద మూలన, తయారుచేసినవారు అని మీ ఆఫీసు పేరు ఉంది. పేరు చూడకముందే నాకు అనుమానం వచ్చిందిలే. లేత ఆకుపచ్చ పక్కన ఇటుక రంగు పెట్టే మనిషి ప్రపంచంలో ఇంకెవరున్నారు? నీ గౌనుకి అదే అంచు కావాలని అమ్మని ఎంత సతాయించావో నాకు గుర్తులేదా?

వీధిలో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. ముందు నువ్వు జవాబు చెప్పు.

నీ అక్క


ప్రియమైన అక్కకు,

ఆఫీసు అడ్రసుకి రాశావు. ఆఫీసు కాగితమేదో అనుకుని అందరి ముందూ విప్పి చదివాను. నా మొహం చూసి పక్క సీటావిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

అవును, ఆ మ్యాపు నేనే చేశాను. బొమ్మ బొమ్మ అని రాశావు, అది బొమ్మ కాదు. ఊళ్ళో ప్రతి వీధినీ విడివిడిగా గీశాను. నీ భాషలో చెప్పాలంటే, ఒకే తానులో అచ్చు వేసింది కాదు, ఒక్కో ముక్కా కత్తిరించి పక్కపక్కన కుట్టింది. ఎక్కడా కుట్టు ఊడకుండా, పక్క వీధి అంచు దీని మీద పడకుండా కూర్చేసరికి నా కళ్ళు గుంటలు పడ్డాయి. ఆ తర్వాత సీఎస్‌ఎస్ రాశాను. తెర మీద దేనికి ఏ రంగు ఉండాలి, ఆ రంగు ఎప్పుడు మారాలి అని చెప్పే భాష అది. అందులో హోవర్ అని ఒకటి ఉంది. మౌసు బాణం ఏ వీధి మీదికి వస్తే ఆ వీధి తనంతట తనే రంగు మార్చుకుంటుంది, పక్కన చిన్న పెట్టె తెరుచుకుంటుంది. నొక్కక్కర్లేదు. ఊరికే దాని మీదికి వస్తే చాలు. ఆ పెట్టెలో అన్నీ ఉన్నాయి: ఏ వీధిలో ఎంత పోతుంది, అభ్యంతరం ఎవరికి రాయాలి, ఆఖరి తేదీ ఎప్పుడు. మీ వీధి పెట్టె నేనే నింపాను. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

ఫోన్లో బాణం ఉండదు. వేలు ఉంటుంది. వేలు తెర మీద ఉంటే నొక్కినట్టు, లేకపోతే అసలు లేనట్టు. నొక్కకుండా పైన తిరగడం వేలికి రాదు. పైగా మ్యాపుని వేలితో జరుపుకునేలా పెట్టాను కాబట్టి, నువ్వు ఎంత గట్టిగా నొక్కినా ఫోను అది జరపడమే అనుకుంటుంది. అందుకే మీకు ఏమీ కనిపించలేదు.

ఇది నాకు తెలియదనుకోకు. పని అయ్యే ముందే మా మేనేజరుకి చెప్పాను. ఫోన్లకి నొక్కితే తెరుచుకునేలా వేరే రాయాలి, ఇంకో వారం ఇవ్వండి అన్నాను. "మునిసిపల్ ఆఫీసులో అందరికీ కంప్యూటర్లు ఉన్నాయి, వాళ్ళకి చూపిస్తే డబ్బులొస్తాయి, ఫోన్ల సంగతి తర్వాత" అన్నాడు. నేనేం చెయ్యను? ఆయన కాలర్ పట్టుకోనా? మీరైనా ఒక్కరు, ఒకే ఒక్కరు, కంప్యూటర్ ఉన్నచోటికి వెళ్ళి చూసి ఉంటే ఇంత జరిగేది కాదు. అదేమీ అడక్కుండా మొత్తం తీసుకొచ్చి నా నెత్తిన రుద్దుతున్నావు. ఎప్పుడూ అంతే నువ్వు.

దుకాణం గురించి నాకు మాత్రం బాధ ఉండదా? ఆ మిషను కింద పడుకుని పెరిగినదాన్నే నేనూ.

నీ సుద్దముక్క


చెల్లెలికి,

ప్రియమైన అని రాయలేదు. చూసుకుని ఏడవకు, చేతికి రాలేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు కడుపు మండింది. రెండోసారి ఇంకా మండింది. నీకు తెలుసు. తెలిసి, చెప్పి, వాడు వద్దంటే నోరు మూసుకుని ఇంటికెళ్ళి పడుకున్నావు. తెలియక చేశావనుకుని నిన్ను నాలోనే వెనకేసుకొస్తున్నాను ఇన్నాళ్ళూ.

కంప్యూటర్ ఉన్నచోటికి వెళ్ళమన్నావుగా, వెళ్ళాను. పెద్దసారు గదిలోకే వెళ్ళాను. బయట కూర్చోమన్నారు, కూర్చోలేదు. మా వీధి ఒక్కసారి చూపించండి సార్ అన్నాను. ఆయన కుర్చీలోంచి కదలకుండా బాణం అలా జరిపాడు. మన వీధి పసుపు రంగులో వెలిగింది. పక్కన పెట్టె తెరుచుకుంది. నువ్వన్నట్టే అన్నీ ఉన్నాయి, అక్షరం పొల్లు పోలేదు. అందంగా కూడా ఉంది, ఆ మాట అబద్ధం చెప్పను. ఆఖరి తేదీ దగ్గరికి వచ్చేసరికి ఆయనకి ఫోన్ వచ్చింది. చెయ్యి తీశాడు, బాణం పక్కకి పోయింది, వీధి ఆరిపోయింది, పెట్టె మూసుకుంది. మళ్ళీ చూపించమని అడిగితే "చూశారుగా" అన్నాడు.

ఆ కుర్చీలో కూర్చున్నవాడి చెయ్యి కదిలితే మా వీధి లేచి జవాబు చెబుతుంది. ఆ వీధిలో పుట్టి, ఆ వీధిలో ఊడ్చి, ఆ వీధిలో బతికేవాళ్ళం మేము అరచెయ్యంతా పెట్టి మోదినా పలకదు. ఇదేనా నువ్వు కళ్ళు గుంటలు పడేలా కుట్టింది? మన దుకాణంలో ఎవరికైనా చొక్కా కుట్టి, గుండీలు వాళ్ళ చేతికి అందని చోట పెడితే అమ్మ మన వీపు చీరేసేది కాదా?

వీధిలో సంగతి చెబుతాను విను. ఎలా తెలిసిందో సెలూన్ అన్నకి తెలిసిపోయింది. పొద్దున్నే ఎదురుపడితే "మీ చెల్లాయి బాగా గీసిందటమ్మా" అన్నాడు. తిట్టలేదు, అరవలేదు, ఆ ఒక్క మాట అని షట్టర్ ఎత్తుకున్నాడు. తల కొట్టేసినట్టయింది. ఆయన నీకు చిన్నప్పుడు జుట్టు కత్తిరించి ఒక్కసారి కూడా డబ్బు పుచ్చుకోలేదు.

బతిమాలీ బామాలీ ఒక విచారణ పెట్టించాం. శనివారం. మ్యాపు ఫోన్లో కనిపించలేదు కాబట్టి మా అభ్యంతరం ఇప్పుడైనా తీసుకోండి అని అడుగుతాం. ఉత్త మాట చెబితే నమ్మరు. నువ్వొక కాగితం రాసి పంపు. ఈ మ్యాపు చేసింది నేను, ఇది ఫోన్లలో సమాచారం చూపించదు అని రాసి కింద సంతకం పెట్టు. అంతకంటే ఏమీ వద్దు. నీ ఏడుపు వద్దు, నీ మేనేజరు కథ వద్దు.

ఫోన్ చెయ్యకు. ఎత్తను.

అక్క


ప్రియమైన అక్కకు,

ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తనని రాశావు, మాట మీద నిలబడ్డావు, చాలా సంతోషం. బావకి చేస్తే "మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగకండి తల్లీ" అని పెట్టేశాడు.

నువ్వడిగిన కాగితం రాయలేను. రాస్తే మా ఆఫీసు మీద మునిసిపాలిటీ విరుచుకుపడుతుంది, సాయంత్రానికి నేను రోడ్డు మీద ఉంటాను. నీకు దుకాణం ఉన్నట్టే నాకూ ఒక కుర్చీ ఉందక్కా. దాన్ని ఎవరూ నాకు ఊరికే ఇవ్వలేదు. చిన్నప్పటి నుంచీ నువ్వు చెయ్యమన్నది చెయ్యకపోతే నేను మనిషినే కాదన్నట్టు మాట్లాడతావు. ఆ గొంతు నాకు అక్షరాల్లో కూడా వినిపిస్తోంది, చాలు.

కానీ ఊరుకోలేదు. గురువారం అందరూ భోజనానికి లేచినప్పుడు కూర్చుని, మ్యాపుని సరిచేశాను. ఎవరినీ అడగలేదు. ఇప్పుడు ఏ ఫోన్లో అయినా వీధి మీద నొక్కితే పెట్టె తెరుచుకుంటుంది, మళ్ళీ నొక్కేదాకా అలాగే ఉంటుంది. నీ వేలితో నువ్వే తీసి చూడు. సెలూన్ అన్నకి చూపించు. మీరు కోరుకున్నది ఇదే కదా. ఇక నా పేరు ఎక్కడా ఎత్తకు.

చెల్లెలు


చెల్లెలికి,

నీ ఉత్తరం ఇవాళ, సోమవారం వచ్చింది, విచారణ అయిపోయిన రెండో రోజున.

హాలు నిండా మనుషులు. మన వీధి మొత్తం దుకాణాలు కట్టేసి వచ్చింది. మాట్లాడేది నన్నే మాట్లాడమన్నారు, మన దుకాణం అందరికంటే పాతదని. లేచి చెప్పాను. అయ్యా, మీ మ్యాపు ఫోన్లో ఏమీ చూపించదు, మా చేతుల్లో ఉన్నవి ఫోన్లే, మాకు కంప్యూటర్లు లేవు, అందుకే గడువు తెలియలేదు అన్నాను. వెనక సైకిళ్ళాయన చప్పట్లు కూడా కొట్టాడు.

పెద్దసారు జేబులోంచి తన ఫోన్ తీశాడు. మన వీధి మీద వేలు పెట్టాడు. పెట్టె తెరుచుకుంది.

ఆ ఫోను పైకెత్తి హాలంతటికీ చూపించాడు. "ఏమ్మా, ఇది ఫోను కాదా?" అన్నాడు. నవ్వారు. ముందు వరసలో ఆఫీసువాళ్ళు నవ్వారు, అది నాకు లెక్క లేదు. నా వెనక మన వీధివాళ్ళు నవ్వలేదు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను నా ఫోన్ తీసి నొక్కాను. దాంట్లోనూ తెరుచుకుంది. ఇన్నాళ్ళూ నొక్కింది నేనేనా, నాకేమైనా మతి పోయిందా అనిపించింది ఒక్క నిమిషం. సెలూన్ అన్న నెమ్మదిగా, "మనం సరిగ్గా నొక్కలేదేమోనమ్మా" అన్నాడు. ఆ పెద్దమనిషి చేత తనని తానే అనుమానించుకునేలా చేశావు నువ్వు.

"ఇంతకు ముందు ఇలా లేదని మీకెవరు చెప్పారు? ఇది తెలిసినవాళ్ళు, దీన్ని చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు సారు. అడిగి నా వైపే చూశాడు. నీ పేరు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అప్పటికి నీ ఉత్తరం నాకు రాలేదు, పేరు ఎత్తవద్దని నువ్వు అడిగిన సంగతి నాకు తెలియదు. అయినా మింగేశాను. నీ కుర్చీ పోతుందని. ఎవరూ లేరండి అన్నాను. "అయితే అబద్ధమాడుతున్నారన్నమాట" అన్నాడు. హాలంతా విన్నది.

ఫోన్ ఎత్తి ఉంటే ముందే తెలిసేది కదా అంటావు. అవును, ఎత్తలేదు. నా కోపం నాకు చేటు చేసింది, ఒప్పుకుంటాను. నీ మంచితనం మా అందరికీ చేటు చేసింది. నువ్వు సరిచేసింది మ్యాపుని కాదు, వాళ్ళ తప్పుని. తుడిచి శుభ్రం చేసి వాళ్ళ చేతికిచ్చావు.

వచ్చే సోమవారం ఆఖరి మాట చెబుతారట. ఈలోగా రుజువు ఏదైనా ఉంటే తెచ్చుకోమన్నారు. మా దగ్గర ఏముంది, ఈ వేళ్ళు తప్ప.

ఇక రాయకు.

అక్క


అక్కా,

రాయవద్దన్నావు. బస్టాండులో కూర్చుని రాస్తున్నాను, ఇక్కడి డబ్బాలోనే వేసి వెళ్తాను.

ఇవాళ విచారణ హాల్లో నువ్వు ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నేను మాట్లాడుతున్నంతసేపూ నీ చేతిసంచీ పిడినే చూస్తూ కూర్చున్నావు. నేను చెప్పిందైనా విన్నావో లేదో తెలియదు. పోన్లే, నీకోసం కాదు చెప్పింది, వాళ్ళ కోసం.

వెళ్ళవద్దని మేనేజరు అన్నాడు. వెళ్తే తిరిగి రావద్దన్నాడు. నా పేరు చెప్పాల్సినచోట "ఎవరూ లేరండి" అని నువ్వు అన్నావని చదివాక నాకు ఆయన మాట వినబడలేదు. నామీద నాకే అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ కోపంతోనే బస్సెక్కాను.

దుకాణం దాకా రావడానికి మొహం చెల్లలేదు. బస్సు వచ్చింది.

సుద్దముక్క


ప్రియమైన సుద్దముక్కకు,

విన్నాను. అక్షరం అక్షరం విన్నాను. చూడలేదంటావు, చూస్తే ఏడుస్తాను, అంతమంది ముందు నీ ముందు నేను ఏడవాలా?

"మీరెవరు?" అని సారు అడిగితే "అది చేసిన మనిషిని" అన్నావు. "మరి ఇది ఫోన్లో పనిచేస్తోందిగా" అంటే, "గురువారం నుంచి పనిచేస్తోందండి, గురువారం నేనే బాగుచేశాను. పనిచేసేదాన్ని ఎవరైనా బాగుచేస్తారా సార్?" అన్నావు. ఆయన నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఆ గ్లాసు అందుకున్నప్పుడు ఆయన మొహం చూడటానికి వీధి మొత్తం ఇంకో విచారణకైనా వచ్చేది. నువ్వు నీ మాట అయిపోగానే తలుపు వైపు నడిచావు. తర్వాత ఏం జరిగిందో ఆగి విన్నావా? లేదు. సగం కుట్టి లేచిపోవడం నీకు మొదటి నుంచీ అలవాటే.

గడువు మళ్ళీ ఇచ్చారు. ఈసారి మ్యాపులో కాదు, కాగితం మీద, ప్రతి తలుపుకీ అంటించి. ఆ లోపు మా అభ్యంతరం పెట్టుకోవచ్చు. దుకాణం నిలబడిందని కాదు, ఇంకా ఎర్ర గీత గోడ మీదే ఉంది. కానీ మా మాట వినేదాకా దాని మీద చెయ్యి వెయ్యరు.

సెలూన్ అన్న బయటికి వచ్చి మొదట అడిగింది నిన్నే. "పిల్ల ఏదమ్మా?" అన్నాడు. బస్సెక్కి పోయిందని చెప్పడానికి నాకెంత సిగ్గేసిందో నీకు తెలుసా? ఊరి దాకా వచ్చి, వీధి మలుపు దాకా వచ్చి, ఇంటి గుమ్మం తొక్కకుండా పోతావా? నీ మ్యాపు చేసిన దానికంటే ఇది ఎక్కువ మండింది నాకు.

ఇప్పుడు పని సంగతి. అభ్యంతరంతో పాటు మన వీధి పటం ఒకటి పెట్టాలట. ఎడమ పక్క ఏ దుకాణం ఎంత, కుడి పక్క గోడౌను ఎంత, రోడ్డు అటు జరిపితే ఎక్కడ పడుతుంది, అన్నీ చూపించాలి. ఎవరిచేత గీయిద్దామా అని వీధిలో మాట వచ్చింది. సెలూన్ అన్నే అన్నాడు, "ఇంకెవరు, ఆ పిల్లే" అని. పెద్ద కాగితం మీద గీయాలి. రంగులు మారక్కర్లేదు. పెట్టెలేవీ తెరుచుకోనక్కర్లేదు. ఎవరూ ముట్టుకోకపోయినా, ఎవరూ చూడకపోయినా, అందులో ఉన్నవన్నీ ఎప్పుడూ కనిపిస్తూనే ఉండాలి. లేత ఆకుపచ్చా, ఇటుక రంగూ పెట్టుకుంటే పెట్టుకో, నీ ఖర్మ.

కత్తిరింపు బల్ల ఖాళీ చేశాను. అమ్మ సుద్దల డబ్బా దాని మీదే ఉంది. బావ వీధంతా కొలిచి వచ్చాడు, మన మధ్యలోకి రాకుండా.

నా కోపం పోలేదు. పోయిందనుకుని రాకు. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది, అది ఈ కాగితంలో పట్టడం లేదు. వచ్చి బల్లకి అటు పక్క కూర్చో, ఎదురుగా చెబుతాను. మధ్యలో అడ్డం వస్తే రా, ఊరుకుంటాను.

నీ అక్క